ఊసరవెల్లికి జామకొమ్మలు

భీమిలి రోడ్డు, విశాఖపట్నం,
ఫిబ్రవరి 10, 2002.

బావకి,

నమస్కారం. ఉత్తరం రాయని సన్యాసి ఉత్తరం రాశాడంటే ఏదో మునిగిందని అక్క కంగారుపడుతుంది. ముందు తనకి చెప్పు, నేను బాగానే ఉన్నాను, పాములేవీ కరవలేదు.

నీతో ఓ పని పడింది. మా పాముల పార్కులో కొత్తగా అద్దాల గది ఒకటి కట్టారు. నడుం వంచకుండా లోపల ఊడ్చుకోవచ్చు, అంత పెద్దది. ఒక పక్క రెండు ఊసరవెల్లులు, ఆడదీ మగదీ. మధ్యలో జాలీ. రెండో పక్క పసిరిక పాములు. జాలీ లేకపోతే పసిరికలు ఊసరవెల్లుల్ని ఫలహారం చేసేస్తాయి. గది కట్టినవాళ్లు లోపల ఇనపచువ్వలు పాతి, వాటికి ప్లాస్టిక్ తీగలు చుట్టి, పెళ్లిపందిరిలా చేసి వెళ్లారు. ఊసరవెల్లి వేళ్లు కొమ్మని పిడికిట్లో పట్టుకునే రకం. నున్నటి చువ్వ మీద పట్టు దొరక్క జారి పడుతోంది. మగది పడి పడి విసిగి ఓ మూల చేరింది. తిండి కూడా సరిగ్గా తినడం లేదు.

మా మేడం పేరు ప్రమోదిని, హైదరాబాదావిడ, జంతువుల చదువే చదివింది. అసలైన కొమ్మలు, తీగలు కావాలంది. ఇక్కడ ఊళ్లో చెట్ల నిండా పొగ, దోమలమందు. కొండ మీద చెట్టు ముట్టుకుంటే ఫారెస్టువాళ్లు ఊరుకోరు. అందుకని నిన్ను అడుగుతున్నాను.

జామ అయితే శ్రేష్ఠం. చింత, సరుగుడు పరవాలేదు. బొటనవేలంత లావువి కొన్ని, మణికట్టంత లావువి కొన్ని. పాలు కారే చెట్టు వద్దు. గన్నేరు, జిల్లేడు దగ్గరికి పోవద్దు. జీడి, మామిడి అసలే వద్దు. పచ్చి జీడి సొన తగిలితే చర్మం లేచిపోతుందని నీకు నేను చెప్పాలా. తీగల్లో తిప్పతీగ చాలు, అందులో గురివింద కలవకుండా చూడు. మందు కొట్టిన తోటవి వద్దు. కోశాక నానబెట్టి, తోమి, బాగా ఎండబెట్టాలి.

ఇంతకంటే రాయడానికి ఓపిక లేదు బావా. పొద్దుటినుంచి గదులు కడిగి కడిగి చేతులు పడిపోతున్నాయి.

సన్యాసి

•

పెదతోటవలస, వజ్రపుకొత్తూరు మండలం,
మార్చి 3, 2002.

చిరంజీవి సన్యాసికి,

మీ బావ వైకుంఠరావు దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాశాను. ఇక అసలు విషయం.

మనిషికి గుడిసె దొరకని రోజుల్లో ఊసరవెల్లికి జామకొమ్మలు కావలసి వచ్చాయన్నమాట. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అక్క నూకరత్నం చేట కింద పడేసింది. “ఏటీ, ఊసరెల్లికా? పొద్దున్నే దాని మొకం సూత్తే ఆ రోజు కూడు పుట్టదంతారు. దాన్ని అద్దాల మేడలో కూకోబెట్టాడా మీవోడు?” అంది. మంచి జరిగితే మా తమ్ముడు, చెడు జరిగితే మీవోడు. ఈ లెక్క నాకు పెళ్లయిన కొత్తలోనే అర్థమయింది.

జీడి వద్దని రాశావు. ఉద్దానంలో కూర్చుని జీడి కాని కొమ్మ వెతకమంటున్నావు! గెడ్డ నీళ్లకి అవతల మెరకతోటలో మా నాన్న వేసిన జామచెట్లు ఉన్నాయి, వాటికి ఎన్నడూ మందు కొట్టలేదు. పాలేరుని పంపితే కొమ్మలు మానేసి కాయలు కోసుకొస్తాడని నేనే వెళ్లాను. పూటలో అయ్యే పని, రెండు రోజులు పట్టింది. మధ్యమధ్య చెట్టు కింద కూలబడిపోయాను. ఈ ఏడు ఎండ ముందే ముదిరింది.

నూతి దగ్గర తొట్టిలో నానేశాను. కొబ్బరిపీచు పెట్టి తోమాను. “నా గిన్నెలు ఏనాడైనా ఇలా తోమినావా?” అని మీ అక్క దెప్పింది. కళ్లంలో ఎండేసి, కాకుల్ని తోలుతూ కాపలా కూడా కాశాను.

నువ్వు చెప్పని పని ఇంకొకటి చేశాను. ఎండిన జామకొమ్మకి పుచ్చు పడుతుంది. ఇంత కష్టపడి పంపినవి నాలుగు నెలలకే పొడుం అయిపోతే ఏం లాభం? అందుకని మన ఇళ్ల దూలాలకీ, మంచం కోళ్లకీ, పడవలకీ పట్టించినట్టే జీడిపిక్కల తొక్కనూనె బాగా మరగబెట్టి ఓ పూత పట్టించాను. మరిగినది కాబట్టి మంట ఉండదు. మన వైపు పిల్లలందరూ ఆ పూత ఉన్న మంచాల మీదే దొర్లారు. ఇక పురుగు ముట్టదు. నువ్వు రిటైరయ్యేదాకా అవే కొమ్మలు.

మూట పలాసలో జీడిపప్పు లారీ ఎక్కించాను. డ్రైవరు మనవాడే, పార్కు గేటు దగ్గర దింపుతాడు.

మీ బావ

•

భీమిలి రోడ్డు, విశాఖపట్నం,
మార్చి 24, 2002.

బావకి,

గోనెమూట విప్పగానే మన ఉద్దానం వాసన గుప్పుమంది. కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మా అమ్మ జీడిపిక్కలు కొట్టి ఇంటికొచ్చాక చేతులకి ఉండే వాసన అది. కొమ్మలు నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. “ఈ పాలిష్ ఏంటండీ?” అని మేడం అడిగింది. మా ఊళ్లో మంచాలకి రాసేదేనండి అన్నాను. మంచాలకి రాసేదంటే ఇక భయమేముంది అనుకున్నట్టుంది, ఇంకేం అడగలేదు.

నువ్వు ఇక్కడ ఉండి చూడాల్సింది బావా. మగ ఊసరవెల్లిని తీసి నీ జామకొమ్మ మీద పెట్టాను. ఓ కాలు వేసి, ఆలోచించి, ఊగి, ఇంకో కాలు వేసింది. ఒక కన్ను నా వైపు, ఒక కన్ను పైకొమ్మ వైపు. చివరిదాకా ఎక్కి, తోక చుట్టుకుని, పచ్చటి పచ్చగా మారిపోయింది. మూలన కూర్చున్నన్నాళ్లూ బూడిదరంగులోనే ఉండేది. సాయంత్రానికి మిడతల్ని తిన్నది. మేడం నా భుజం తట్టింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అలా తట్టలేదు. అది నీకు దక్కాల్సింది.

వీలైతే పసిరిక పాముల వైపుకి ఇంకో మూట పంపు. సన్నవీ, తీగలూ ఎక్కువగా ఉండనీ.

మరో మాట. మన వైపు ఊళ్లల్లో డాక్టర్లు క్యాంపు పెట్టి కిడ్నీల కోసం రక్తపరీక్షలు చేస్తున్నారని పేపర్లో చదివాను. వజ్రపుకొత్తూరులో పెడితే తప్పకుండా వెళ్లు. మీ అన్నయ్య పోయి రెండేళ్లు కాలేదు. ఆయనా మొదట్లో ఎండ అనే అన్నాడు.

సన్యాసి

•

పెదతోటవలస,
ఏప్రిల్ 28, 2002.

సన్యాసికి,

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి నేను ఊళ్లో పెద్దమనిషినయ్యాను. ఊసరవెల్లి కొమ్మెక్కిన భాగం పక్కింటి పెద్దతల్లికి చదివి వినిపిస్తే, మళ్లీ చదవమంది. “మన కొమ్మలు ఇసాపట్నం ఎలిపోనాయంటే మనం ఎల్లినట్టే గదా నాయినా” అంది. టీకొట్టు దగ్గర కూడా ఇదే మాట. ‘ఏం వైకుంఠరావూ, మీ ఊసరెల్లి ఎలాగుంది’ అని అడుగుతున్నారు. వెటకారమే, అయినా బాగుంది. చాలాకాలానికి నన్ను చూసి జనం తోట గురించో తెగులు గురించో కాకుండా ఇంకో సంగతి అడిగారు.

రెండో మూట పంపుతున్నాను. ఇవన్నీ పెరటి కంచె మీద అల్లుకున్న తిప్పతీగలూ, నూతి దగ్గర జామచెట్టు రెమ్మలూ. గెడ్డ దాటి వెళ్లలేదు, వీలవలేదు. సన్నవే అయినా పాములకి చాలు. పూత మర్చిపోలేదులే.

క్యాంపుకి వెళ్లాను, రక్తం ఇచ్చాను. ఏమీ లేదన్నారు. మంచినీళ్లు బాగా తాగమన్నారు. ఇక ఆ ఊసెత్తకు.

ఎండకి కాళ్లు పొంగి పాత చెప్పులు పట్టడం లేదు. పలాస వెళ్లి ఓ సైజు పెద్దవి కొన్నాను. మీ అక్క రావివలస ఎండల మల్లన్నకి ఏదో మొక్కుకుంది. ఎందుకే అంటే “నీకెందుకు” అంటుంది. ఆడవాళ్ల మొక్కులు మనకెప్పుడు అర్థమయ్యాయి.

ఆడ ఊసరవెల్లి గుడ్లు పెడుతుందా? పెడితే రాయి. పెద్దతల్లి అడగమంది.

మీ బావ

•

భీమిలి రోడ్డు, విశాఖపట్నం,
మే 19, 2002.

బావకి,

రెండో మూట అందింది. ప్రస్తుతానికి కొమ్మలు చాలు. ఇంకేమీ పంపవద్దు. ఇక్కడంతా బాగానే ఉంది. పని ఎక్కువగా ఉండి వివరంగా రాయలేకపోతున్నాను. అక్కని అడిగానని చెప్పు.

సన్యాసి

•

పెదతోటవలస,
జూలై 7, 2002.

సన్యాసికి,

నీ కార్డు వచ్చి నెల దాటింది. మళ్లీ రాస్తావేమోనని చూశాను. రాయలేదు.

నా వల్ల ఏం తప్పు జరిగిందో నాకు తెలియడం లేదు. రెండోసారి పంపినవి సన్నగా ఉన్నాయని మీ మేడం ఏమైనా అందా? అంటే అన్నదని రాయి, నేనేమీ అనుకోను. నువ్వు ‘బాగానే ఉంది’ అని రాసిన మాట మాత్రం నాకు నచ్చలేదు. ఆ మాట ఎప్పుడు రాస్తారో నాకు తెలుసు, నేనూ రాస్తుంటాను.

వద్దన్నా మూడో మూట కట్టి ఉంచాను. సముద్రం ఒడ్డున కొట్టుకొచ్చిన మొద్దు ఒకటి దొరికింది, వంకర్లు తిరిగి మీ ఊసరవెల్లికి ఉయ్యాలలా ఉంటుంది. నేను వెళ్లి తేలేదు, పెద్దతల్లి మనవడు తెచ్చిచ్చాడు. ఉప్పు పోవడానికి రోజూ నీళ్లు మారుస్తున్నాను. అరుగు మీద కూర్చుని చేయగలిగిన పని ఇదొక్కటే. తోటలో పిక్కలు ఏరడం ఈసారి తవిటమ్మ వాళ్లకి అప్పగించేశాను. వాళ్లు ఏరినంత ఏరుతారు, మిగతాది మట్టిలో పోతుంది. పోనీ. అడిగి పోట్లాడే ఓపిక లేదు.

కూర్చుంటే అలసట, పడుకుంటే అలసట. అన్నం ముందు కూర్చుంటే వాసన గిట్టదు. ముసలితనం వచ్చిందనుకుంటున్నాను. నలభై ఏడుకే వస్తుందా అని మీ అక్క అడుగుతుంది. ఉద్దానంలో ముందే వస్తుందిలే అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

కొమ్మల సంగతి ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ బావ

•

భీమిలి రోడ్డు, విశాఖపట్నం,
జూలై 21, 2002.

బావకి,

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. రాస్తున్నాను. చదివాక నన్ను తిట్టు, నిన్ను నువ్వు తిట్టుకోకు.

మగ ఊసరవెల్లి చచ్చిపోయింది. మే నెల మొదట్లో.

ఆ గదిలో ఊసరవెల్లుల కోసం పొద్దున్నా సాయంత్రం నీళ్లు చిమ్ముతాం. అవి గిన్నెలో నీళ్లు తాగవు, ఆకుల మీది చుక్కలు నాకుతాయి. నెల రోజులు నీళ్లు పడేసరికి నీ పూత మెత్తబడి ఊరడం మొదలెట్టింది. మంచం కోళ్ల మీద ఎవరూ రోజూ నీళ్లు పొయ్యరు కదా, మనకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వాటి పాదాలకి బొబ్బలు లేచాయి. కొమ్మ మీది చుక్కలు నాకి మగదానికి నోరు పుండయింది. పట్టు వదిలేసి కింద కూర్చుంది. మళ్లీ బూడిదరంగుకి వచ్చేసింది. మందులు వేశాం, నిలవలేదు. ఆడదాన్ని వేరే గదికి మార్చాం, అది కోలుకుంది. పాముల వైపు రెండో మూట అసలు పెట్టలేదు.

అదే వారంలో మేడం చేతులు మోచేతులదాకా పొంగి, నీరు కారాయి. ఎలర్జీ అన్నారు, సబ్బన్నారు. చివరికి ఆవిడే కొమ్మ ముక్క పరీక్షకి పంపి, ఇది జీడినూనె అని కనిపెట్టింది. నా వైపు చూసి “మీ చేతులకి ఏమీ కాలేదేం?” అని అడిగింది. ఏం కావాలి బావా? పుట్టినప్పటినుంచీ పిక్కల్లో పెరిగిన చేతులు. జీడికొమ్మ వద్దు అని నీకు రాసినవాణ్ని నేను. జీడినూనె పూశానని నువ్వు రాస్తే చదివినవాణ్నీ నేనే. చదివి సంతోషించాను. మూట విప్పి వాసన పీల్చి అమ్మని తలుచుకున్నాను. ఊళ్లో పుట్టనివాడు ఎవడైనా ముక్కు మూసుకుని బయట పారేసేవాడు.

నాకు మెమో ఇచ్చారు, ఆరు నెలలు తాబేళ్ల చెరువు దగ్గర వేశారు. అదేం పెద్ద సంగతి కాదు. నీకు ఎందుకు రాయలేదంటే, టీకొట్టు దగ్గర నిన్ను అందరూ అడుగుతున్నారని రాశావు చూడు, ఆ ఉత్తరం అది చచ్చిన మర్నాడు అందింది. గుడ్లు పెడుతుందా అని అడిగావు. నాకు చెయ్యి ఆడలేదు.

ఇప్పుడు నేను అడుగుతాను, నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పు.

తప్పు ఎక్కడ జరిగిందో చూడమని మేడం నీ రెండు మూటలూ నా చేతే నేల మీద పరిపించింది. మొదటి మూటలో మణికట్టంత లావు కొమ్మలు, ఒక్క వేటుకి తెగినవి. రెండో మూటలో చిటికెనవేలంత రెమ్మలు, అవి కూడా నాలుగైదు గాట్లు పడ్డాకగానీ తెగలేదు. మీ ఊళ్లో కత్తి పట్టడంలో నిన్ను మించినవాడు లేడు. గెడ్డ దాటలేదన్నావు. చెప్పులు పట్టలేదన్నావు. పిక్కలేరడం పరాయివాళ్లకి అప్పగించానన్నావు. అన్నం వాసన గిట్టదంటున్నావు. బావా, నా ఉద్యోగమే ఇది. ఈ జంతువులు జబ్బు బయటపెట్టవు. కొమ్మ మీద మామూలుగా కూర్చున్నట్టే ఉంటాయి. మేం చూసి కనిపెట్టేసరికి చెయ్యి దాటిపోతుంది. రోజంతా వాటిని చూసేవాణ్ని, నిన్ను చూడలేకపోయాను.

క్యాంపులో నిజంగా ఏమన్నారు?

నాకు భయంగా ఉంది. అక్కకి నువ్వు తప్ప ఎవరున్నారు? ఇక్కడ పెద్దాసుపత్రిలో రక్తం శుభ్రం చేసే యంత్రాలున్నాయి. వారానికి రెండు సార్లు వెళ్లాలి. నా గది చిన్నదే, ముగ్గురం సర్దుకుంటాం. నువ్వు ఒప్పుకోకపోతే సెలవు పెట్టి నేనే వస్తాను, మోసుకునైనా తీసుకొస్తాను.

సన్యాసి

•

పెదతోటవలస,
ఆగస్టు 4, 2002.

సన్యాసికి,

నీ ఉత్తరం మొదటిసారి సగమే చదివాను. ఊసరవెల్లి దగ్గర ఆగిపోయాను. పురుగు ముట్టకూడదని ఎంత శ్రద్ధగా పూశానో నాకు తెలుసు. గుడ్డముక్క ముంచి, ప్రతి వంకరలోకీ పోయేలా రుద్దాను. నా పేరు చెప్పుకుని పైకెక్కిన జీవం నా చేతిపూతతోనే పోయింది. ఆ మేడం చేతులు ఇప్పుడెలా ఉన్నాయి? నా తరఫున క్షమించమని చెప్పు. టీకొట్టు దగ్గర నేనే చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. ఒక్కడూ నవ్వలేదు. “ఎవులికి తెలుత్తాది బావా, మనం పుట్టిన కాడ్నించీ అందులోనే ఉన్నాం” అన్నారు.

సాయంత్రం రెండో సగం చదివాను.

క్యాంపులో ఏమీ లేదనలేదు. రెండు కిడ్నీలూ చాలావరకు పోయాయి, వెంటనే విశాఖ వెళ్లమన్నారు. మంచినీళ్లు తాగమన్నారన్నది నేను కల్పించింది. ఎందుకు వెళ్లలేదని అడుగుతావు. మా అన్నయ్య నాతో కబుర్లు చెబుతూ పలాసలో రైలెక్కాడు. తిరిగి జీపులో తెచ్చారు. మా వీధిలో పట్నం వెళ్లిన ఎవరి కథ చూసినా ఇంతే. పేరు పెట్టించుకోకపోతే జబ్బు లేనట్టే అని ఇక్కడ అందరం అనుకుంటాం. తెలివితక్కువే. కానీ ఊరంతా చేసే తెలివితక్కువ పని ఒక్కడు మానేయడం కష్టం.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ మీద కాదు. మీ పార్కులో ఊసరవెల్లి చచ్చిపోతే ఎందుకు చచ్చిందని అడిగారు. కొమ్మ ముక్క తీసి పరీక్షకి పంపారు. నెల తిరక్కుండా కారణం చెప్పేశారు, నీకు మెమో కూడా ఇచ్చారు. ఇక్కడ మా వీధిలోనే మా అన్నయ్య పోయాడు, పెద్దతల్లి కొడుకు పోయాడు, తవిటమ్మ మొగుడు పోయాడు. నీళ్లంటారు, మట్టంటారు, మందంటారు, ఎండంటారు. ఇది అని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఎవరికీ మెమో రాలేదు. ఆ ఊసరవెల్లి చావు గురించి చదివి నాకు ఏడుపు వచ్చింది, నిజం. దాన్ని చూసి అసూయ కూడా కలిగింది. అదీ నిజమే.

నిన్న మీ అక్కని పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. ఎలా చెప్పాలా అని వారం నుంచి మాటలు పేర్చుకున్నాను. నేను రెండో మాట అనకముందే “నాకు తెల్దా” అంది. “సంకురాత్రి ముందు కాడ్నించీ తెలుసు. నువ్వు సెప్తావని సూత్తన్నాను” అంది. అంతే, లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఇన్ని నెలలు మేమిద్దరం ఒకే కంచం దగ్గర కూర్చుని ఒకరికొకరం దాచుకున్నాం.

వస్తున్నాను సన్యాసీ. బతుకుతానని నమ్మకం కలిగి కాదు. మీ అక్క ఆ మాట అన్నాక కాదనడానికి నాకు నోరు రాలేదు. బుధవారం పొద్దున్న పలాస ప్యాసింజరు ఎక్కుతాం. స్టేషనుకి నువ్వొక్కడివీ రాకు, బలమైన మనిషిని ఇంకొకణ్ని వెంటబెట్టుకుని రా. వంతెన మెట్లు నేను ఎక్కలేను.

మీ బావ